పదమూడు బుధవారాలు

రాష్ట్ర చిల్లర వర్తకుల సంఘం తన చరిత్రను పుస్తకంగా వేస్తోంది. అచ్చుకి పోయే ముందు తప్పులు దిద్దిపెట్టమని ప్రూఫుల కట్ట తెచ్చి నా బల్ల మీద పడేశారు. మూడు వందల పేజీలు. ఏ ఏడు ఎవరు అధ్యక్షులయ్యారు, ఏ మంత్రికి ఎవరు వినతిపత్రం ఇచ్చారు, సంఘ భవనానికి పునాదిరాయి ఎవరు వేశారు, అన్నీ ఉన్నాయి. నూట పద్నాలుగో పేజీలో మాత్రం ఒకే ఒక్క వాక్యం: "ఆ సంవత్సరము వేసవిలో తొమ్మిది పట్టణములలో వారపు సెలవు ప్రయోగాత్మకముగా అమలు చేయబడి, అటుపై రాష్ట్రమంతటికీ విస్తరింపబడినది."

అమలు చేయబడిందట. దానంతటదే, వాన పడ్డట్టు. నాకు ఒళ్ళు మండింది. ఆ వేసవి మూడు నెలలూ మా ఇంట్లో ఎవరం ఎలా అన్నం తిన్నామో ఆ వాక్యం రాసినాయనకేం తెలుసు? ప్రూఫులు పక్కన పెట్టి తెల్ల కాగితాలు తీసుకున్నాను.

మాది ఇనప సామాన్ల కొట్టు. మేకులు, బందులు, గొళ్ళేలు, తాళాలు, కుళాయిలు, తాళ్ళు, రంగు డబ్బాలు. తాతయ్య గల్లా దగ్గర కూచునేవాడు. మిగతా కొట్టంతా నాన్నే. నిచ్చెనెక్కడం, మేకులు తూచడం, పైపులు కోయడం, పొద్దున్న ఏడింటికి షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా పద్నాలుగు గంటలు నిలువుకాళ్ళ మీద ఉండడం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ కొట్టు ఒక్కరోజు కూడా మూతపడలేదు. నాయనమ్మ పోయిన రోజున కూడా సగం షట్టరు ఎత్తే ఉంచానని తాతయ్య గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేది.

నాన్న ఎడమ కాలికి పుండు. చీలమండకి పైన, అరచేతిలో సగమంత. చుట్టూ చర్మం వంకాయ రంగుకి తిరిగింది. మోకాలి దాకా నరాలు ఉబ్బి మెలికలు పడ్డాయి. రోజూ పొద్దున్న ఆరింటికి వెనక గదిలో తలుపు వేసుకుని అమ్మ కడిగి కట్టు కట్టేది. గుడ్డ చుట్ట నేను పట్టుకునేదాన్ని. ఆ వేసవికి నాకు ఇరవై రెండు. చదువైపోయి, నాన్న సంఘం ఉత్తరాలు రాసిపెడుతూ ఇంట్లో ఉన్నాను. నాన్న మా ఊరి వర్తకుల సంఘానికి సెక్రటరీ. ఆయన చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు.

డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "వారానికి ఒక్క రోజన్నా కాలు ఎత్తున పెట్టుకుని పడుకోవాలి. లేకపోతే రెండు మూడేళ్ళలో ఇది ఎముకని పట్టుకుంటుంది. అప్పుడు నా దగ్గరికి రానక్కర్లేదు, కోసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి."

"వారానికో రోజు నేను మూస్తే ఎదురుకొట్టాయన ఆ రోజుకి ఇంకో కాటా కొంటాడు," అన్నాడు నాన్న, ఇంటికొచ్చాక.

"ఆయన్నీ మూయమనండి," అంది అమ్మ.

"ఆయన మూయాలంటే పక్కాయన మూయాలి. ఆయన మూయాలంటే స్టేషను రోడ్డు మూయాలి. మేమందరం మూస్తే జనం పక్క ఊరు పోతారు."

"అయితే పక్క ఊరు కూడా మూయించండి."

అమ్మ వేళాకోళానికే అంది. నాన్న మాత్రం కట్టు కట్టించుకుంటున్నవాడు కట్టించుకుంటున్నట్టే ఆగి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ తరవాత రెండేళ్ళు రాష్ట్ర సంఘం చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఆ ఉత్తరాలన్నీ నా చేత్తో రాసినవే. కార్మికులకి సెలవుంది, గుమాస్తాలకి సెలవుంది, బళ్ళకి సెలవుంది, చిల్లర వర్తకుడొక్కడే ఏ పాపం చేశాడని రాయించేవాడు. కాలు ఊసు మాత్రం ఎక్కడా రానిచ్చేవాడు కాదు.

"తన కాలు కోసం రాష్ట్రమంతా షట్టర్లు దింపించాడంటారు. మీ తాతయ్యకి కూడా తెలియనివ్వకండి. ఆయన తట్టుకోలేడు," అనేవాడు.

తాతయ్యకి ఎలా తెలియలేదని మీకు అనుమానం రావచ్చు. ఆయనకీ నాన్నకీ మధ్య రోజంతా గల్లా బల్ల ఉండేది. ఇంటికొస్తే నాన్న పొడుగు ప్యాంటు విప్పేవాడు కాదు. కొట్టువాడి కాళ్ళు ఎవరూ చూడరు. నడుం దాకానే మనిషి.

చివరికి వేసవి మొదట్లో రాష్ట్ర సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. తొమ్మిది ఊళ్ళలో మూడు నెలలు ప్రయోగం. పదమూడు బుధవారాలు. సెక్రటరీ ప్రతి బుధవారం రెండు పూటలా ఊరంతా తిరిగి చూసి, ఏ కొట్టు తెరిచినా పుస్తకంలో రాసి పంపాలి. ఒక్క కొట్టు షట్టరు ఎత్తినా ఆ ఊరు ప్రయోగంలోంచి పోయినట్టే. ఊళ్ళు రాలిపోతే మొత్తం సంగతి అటకెక్కినట్టే. నాన్న ఆ ఉత్తరం మూడుసార్లు చదివించుకుని, నాలుగోసారి తనే చదువుకున్నాడు.

తాతయ్య మాత్రం వినగానే గుర్రుమన్నాడు. "కొట్టుకి సెలవేమిట్రా. అదేమన్నా బడా?"

"అందరూ మూస్తారు నాన్నగారూ. గిరాకీ ఎక్కడికీ పోదు."

"షట్టరు తట్టి వెనక్కి పోయేవాడో? వాడికేం చెబుతావు?"

తాతయ్యకి వ్యాపారంలో ఒకటే సూత్రం. కొట్లో 'లేదు' అన్న మాట వినపడకూడదు. సరుకు అయిపోతే 'వస్తోంది' అనాలి. మనం అమ్మనిదైతే 'దీంతో పని జరుగుతుందేమో చూడండి' అనాలి. ఒకసారి ఎవరో కొత్తాయన కొట్టు పొరపాటు పడి పాలపొడి అడిగితే, ఆయన్ని మేకుల డబ్బా మీద కూచోబెట్టి, బజారు చివరికి నడిచి వెళ్ళి తెచ్చిచ్చాడు తాతయ్య. ఆ కొత్తాయన తరవాత పాతికేళ్ళు మా దగ్గరే తాళాలు కొన్నాడు.

"ఇది సంఘం తీర్మానం," అన్నాడు నాన్న.

"తీర్మానం తిండి పెడుతుందేం," అని తాతయ్య లేచి వెళ్ళిపోయాడు.

మొదటి బుధవారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. సెలవు ఇచ్చారు సరే, సెలవు పెట్టుకుని ఏం చెయ్యాలో మా బజారులో ఒక్కరికీ తెలియదు. రెండు వందల పన్నెండు కొట్లు. పొద్దున్న ఏడయ్యేసరికి అందరూ తలలు దువ్వుకుని, తాళాలు జేబులో వేసుకుని వచ్చి, ఎవరి మెట్ల మీద వాళ్ళు కూచున్నారు. షట్టర్లు మూసి ఉన్నాయి, యజమానులు బయట ఉన్నారు. ఇంట్లో ఉండండయ్యా అంటే, "ఎవడన్నా తెరిస్తే?" అన్నాడు బట్టల కొట్టాయన. ఒకరిమీద ఒకరికి అంత నమ్మకం మరి. బేకరీ ఆయన పదింటికి ఇంటికి వెళ్ళాడు గానీ, పదిన్నరకి వాళ్ళావిడే వెనక్కి పంపించేసింది. పగటిపూట ఇంట్లో మగాణ్ణి పెట్టుకుని ఎలా పని చేసుకోవాలో ఆవిడకి అర్థం కాలేదుట.

మా కొట్టు మెట్ల మీద తాతయ్య, ఎదుటి మెట్ల మీద ఎదురుకొట్టాయన. ఆయనదీ ఇనప సామాన్ల కొట్టే. ఇరవై ఏళ్ళుగా రెండు కొట్లకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆయన చేతిగడియారం విప్పి మోకాలి మీద పెట్టుకుని మా షట్టరు వంకే చూస్తూ కూచున్నాడు.

అసలు తిరకాసు అది కాదు. నాన్న ఆ రోజు రెండు పూటలా ఊరు తిరిగాడు. సెలవు తెచ్చింది కాలు ఎత్తున పెట్టుకోడానికైతే, వారంలో ఎన్నడూ నడవనంత నడక బుధవారం నాడే పడింది. నాలుగో బుధవారానికి కట్టు విప్పితే గుడ్డ నిండా రసి. అమ్మ మొహం ఎర్రబడింది.

"కాలికి బలపం కట్టుకుని తిరగడానికా రెండేళ్ళు రాయించింది? దీనికంటే కొట్టు తెరుచుకుని నిలబడ్డమే నయం."

"సెక్రటరీయే తిరగాలని రాశారు."

"సెక్రటరీ ఉత్తరాలు అది రాయగా లేంది, సెక్రటరీ నడక అది నడిస్తే తప్పేంటి?"

అలా అయిదో బుధవారం నుంచి పుస్తకం నా చేతికొచ్చింది. నాన్న వెనక గదిలో కాలు కింద మూడు దిండ్లు పెట్టుకుని పడుకున్నాడు. నేను ఎండలో పడి బజారు తిరిగాను. అందరూ నాకు 'ఇన్‌స్పెక్టరమ్మ' అని పేరు పెట్టేశారు. "మా షట్టరు దుమ్ము పట్టిందమ్మా, అది కూడా రాసుకో," అని ఒకరు, "మా ఆవిడ కూడా రోజంతా నోరు తెరిచే ఉంటోంది, దానికేమన్నా రూలుందా," అని ఒకరు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. నవ్వుకుంటూనే రెండు వారాలు గడిచాయి. పుండు అంచుల్లో లేత చర్మం కనిపించిందని అమ్మ నా చెవిలో చెప్పింది. ఆ రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఏడో బుధవారం మా కొట్టున్న వీధి మలుపు తిరిగేసరికి పదకొండూ ఇరవై. మా షట్టరు నడుమెత్తున లేచి ఉంది.

వంగి చూశాను. లోపల చీకట్లో తాతయ్య వాషర్ల సొరుగులు వెతుకుతున్నాడు. మెట్ల మీద, పక్క సందులో బట్టలు కుట్టే కుట్టుమిషను అత్తయ్య, మోకాళ్ళ దాకా తడిసిపోయి నిలబడి ఉంది.

"కుళాయి పీక ఊడిపోయిందమ్మా," అంది నన్ను చూసి, రొప్పుతూ. "నీళ్ళు ఇల్లంతా. కత్తిరించి పెట్టిన బట్టలన్నీ కింద పెట్టాను. అందరివీ, ఊళ్ళో వాళ్ళవి."

తాతయ్య వాషరు, రెండు చుట్ల నూలుదారం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "పరిగెత్తు. దారం బిగించి చుట్టు," అన్నాడు. ఆవిడ పరిగెత్తింది. అప్పుడు చూశాడు నన్ను, నా చేతిలో పుస్తకాన్ని.

ఎదుటి మెట్ల మీంచి ఎదురుకొట్టాయన లేచాడు. వీధి దాటి రాలేదు. అక్కణ్ణుంచే అన్నాడు. "రాసుకో అమ్మాయ్. కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది."

ఆయన తప్ప చూసినవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు. రాయకుండా వదిలేద్దామా అనుకున్నాను, మీ దగ్గర దాచడమెందుకు. ఏడు వారాల పుస్తకం, ఒక్క గీత కూడా లేని పుస్తకం. అయినా రాశాను: "సెక్రటరీ గారి కొట్టు. 11.20. సగం షట్టరు." రాసి, తాతయ్య కిందికి దించబోతే ఇరుక్కున్న షట్టరుని నేను కూడా ఓ చెయ్యి వేసి దించాను.

తాతయ్యా నేనూ కలిసే ఇంటికి నడిచాం. ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. వెనక గదిలో అమ్మ కట్టు మారుస్తోంది. చెప్పడం పూర్తవకుండానే నాన్న లేచి ముందు గదిలోకి వచ్చేశాడు. ప్యాంటు మోకాలి దాకా మడిచి ఉన్న సంగతి, కట్టు గుడ్డ నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్న సంగతి ఆయనకి తెలియలేదు.

"షట్టరు ఎత్తారా నాన్నగారూ?"

"అమ్మలేదు. ఇచ్చాను."

"ఎత్తారా లేదా?"

"నీళ్ళలో నిలబడి అడుగుతుంటే ఏం చెప్పమంటావురా. రేపు రమ్మననా?"

"రెండేళ్ళు. రెండేళ్ళు తిరిగాను నేను దీనికోసం. రాష్ట్రం మొత్తం నన్ను నమ్మి..." ఆయన ఏడవబోతున్నాడని నాకు తెలిసింది. ఆయన ఏడవడం నేనప్పటిదాకా చూడలేదు.

తాతయ్య చూపు కిందికి దిగింది. నేల మీద పడి ఉన్న గుడ్డ కొస తీసుకుని, కొట్లో తాడు చుట్టినట్టే, బొటనవేలికీ మోచేతికీ మధ్య చుట్టుకుంటూ వచ్చాడు. ఎక్కడ పడేసి ఉన్నది ఏదైనా చుట్టి పెట్టడం ఆయనకి అలవాటు. చుట్టుకుంటూ చుట్టుకుంటూ కాలి దాకా వచ్చి ఆగాడు.

వంగి పుండు చూశాడు.

"ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళు మావయ్యగారూ," అంది అమ్మ.

తాతయ్య గుడ్డ చుట్ట అమ్మ చేతికిచ్చి, గోడ పట్టుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ పూట అన్నానికి రాలేదు. మర్నాడు కొట్లో గల్లా దగ్గర కూచోలేదు. నిచ్చెన ఎక్కబోయాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషిని నాన్న నడుం పట్టుకుని కిందికి దించాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు, ఎదురుకొట్టాయన ఊరుకోలేదు. రాష్ట్ర అధ్యక్షుడికి ఫోను చేశాడు. వచ్చే బుధవారం తనే వచ్చి విచారిస్తానన్నాడాయన. నాన్న నాచేత రాజీనామా రాయించాడు. రెండే వాక్యాలు. అంత చిన్న ఉత్తరం నాచేత ఎప్పుడూ రాయించలేదు. సెలవు పోతే కాలు పోతుంది. మా ముగ్గురికీ తెలుసు. ఇప్పుడు నలుగురికి.

ఎనిమిదో బుధవారం మధ్యాహ్నం బట్టల కొట్టు మేడ మీద మీటింగు. తానుల మీద కొందరు, కుర్చీల్లో కొందరు, గోడలకి ఆనుకుని మిగతావాళ్ళు. ఉక్కపోత. అధ్యక్షుడు రాజధానిలో గొడుగులు అమ్మే పెద్దాయన. సన్నగా, నిటారుగా నిలబడే మాట్లాడాడు. నా పుస్తకం తెరిచి, నేను రాసిన గీత పైకి చదివాడు. తను చూసింది ఎదురుకొట్టాయన చెప్పాడు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు, ఒక్క ముక్క కలపలేదు.

నాన్న లేచి రాజీనామా బల్ల మీద పెట్టబోతున్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తాతయ్య. సంఘం మీటింగుకి ఆయన అంతకు ముందెన్నడూ రాలేదు. 'అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైనట్టు' అని ఎగతాళి చేసేవాడు సంఘం పేరెత్తితే.

"షట్టరు ఎత్తింది నేను," అన్నాడు ఊపిరి తిప్పుకుని. "మావాడికి తెలీదు. మీ సెలవు నాకు మొదట్నుంచీ గిట్టదు. ఎత్తాను."

"నాన్నగారూ, మీరు కూచోండి."

"నువ్వుండరా. మా వాడి ఎడమ కాలికి పుండు. మూడేళ్ళుగా. గల్లా ఇవతల కూచుని మూడేళ్ళు నేను వాడిమీద అరుస్తూనే ఉన్నాను, నిచ్చెన తొందరగా ఎక్కమని. వారానికో రోజు పడుకోకపోతే కాలు తీసేస్తారట. మొన్న తెలిసింది నాకు. ఇంట్లో ఉండి, మొన్న." అధ్యక్షుడి వైపు తిరిగాడు. "తప్పు నాది. వెయ్యాలంటే శిక్ష నాకెయ్యండి. సెలవు తియ్యకండి."

నాన్న తల వంచుకున్నాడు. వెనక తానుల దగ్గర్నుంచి ఎవరో అన్నారు: "అంటే సెక్రటరీ గారి కాలు కోసమా మేమంతా మూసుకు కూచుంటున్నది?"

నాన్న రెండేళ్ళుగా ఏ మాటకి భయపడ్డాడో ఆ మాటే. నాకు నేల చీలితే బాగుండనిపించింది.

ఎదురుకొట్టాయన కుర్చీలోంచి కిందికి వంగాడు. బూటు తాడు కట్టుకుంటున్నాడేమో అనుకున్నాను. ప్యాంటు పైకి మడుస్తున్నాడు. ముందు కుడిది, తరవాత ఎడమది. రెండు కాళ్ళకీ కట్లు. వదులుగా, అడ్డదిడ్డంగా, ఎవరి సాయమూ లేకుండా కట్టుకున్న కట్లు.

"నా కాళ్ళ కోసం కూడా," అన్నాడు. ఎవరి మొహమూ చూడలేదు. "కుట్టుమిషనావిడ ముందు నా మెట్ల దగ్గరికే వచ్చింది. నేను రేపు రమ్మన్నాను. తరవాత వీధి దాటి వాళ్ళ దగ్గరికి పోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. కోపమొచ్చి ఫోను చేశాను."

ఆ తరవాత జరిగింది మినిట్సులో నేను రాయలేదు, అందుకే చరిత్రలో లేదు. బేకరీ ఆయన తన మోకాళ్ళు చూపించాడు. బట్టల కొట్టాయన, "నరాలు చూడండి, పాములు," అన్నాడు. పుస్తకాల కొట్టాయనకి మడమల్లో పగుళ్ళు. అరగంట సేపు మా ఊరి వర్తకులందరూ బట్టల తానుల మీద కూచుని ఒకరి కాళ్ళు ఒకరికి చూపించుకున్నారు. కట్టు ఎలా కట్టాలో మా అమ్మ చేత చెప్పిస్తానని నాన్న ఎదురుకొట్టాయనకి చెప్పాడు. ఇరవై ఏళ్ళలో వాళ్ళిద్దరూ సూటిగా మాట్లాడుకోవడం నేను చూడ్డం అదే మొదలు. అధ్యక్షుడు ఏమీ చూపించలేదు. ఒక కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఇంకో కుర్చీ లాక్కుని దానిమీద తన కాళ్ళు పెట్టుకున్నాడు.

"బాగానే ఉంది," అన్నాడు చివరికి. "కానీ రూలు రూలే. నీళ్ళు మళ్ళీ వస్తాయి. కరెంటు పోతుంది, తాళం పోతుంది. ప్రతివాడూ ఒక షట్టరు ఎత్తితే సెలవెక్కడ?"

"పెట్టె," అన్నాడు ఎదురుకొట్టాయన.

"ఏం పెట్టె?"

"చిన్నది. నాలుగు వాషర్లు, ఫ్యూజు తీగ, రెండు తాళాలు, మేకులు, దారం. మంగళవారం ఇంటికి పట్టుకెళ్ళడం. ఒక వారం వాళ్ళింట్లో, ఒక వారం మా ఇంట్లో. షట్టరు ఎత్తక్కర్లేదు. ఎవరింట్లో ఉందో మూసిన కొట్టు మీద చీటీ అంటిస్తాం."

"పెట్టె దగ్గర నేను కూచుంటాను," అన్నాడు తాతయ్య వెంటనే. "రెండిళ్ళలోనూ నేనే కూచుంటాను."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు అలా అలా అందరికీ పాకింది. నాన్న నవ్వు మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చింది. అధ్యక్షుడు నావైపు తిరిగి, "ఒక ఉల్లంఘన జరిగినది, దానికి పట్టణ సంఘమే మందు కనిపెట్టినది అని రాయమ్మా," అన్నాడు. "నిర్ణయం నా ఒక్కడిదీ కాదు. పదమూడు వారాలూ అయ్యాక కౌన్సిలు చెబుతుంది. అందాకా ఆ కాగితం జేబులో పెట్టుకోండి సెక్రటరీ గారూ." నాన్న రాజీనామా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

మిగిలిన అయిదు బుధవారాలు ఊపిరి బిగబట్టి గడిపాం. ఒక్క షట్టరు లేవలేదు. మెట్ల మీద కూచునేవాళ్ళు వారంవారం తగ్గిపోయారు. తాతయ్య ఒక వారం మా వరండాలో, ఒక వారం ఎదురుకొట్టాయన వరండాలో పెట్టె ముందు పెట్టుకుని కూచునేవాడు. ఎదురుకొట్టాయన భార్య చేతి కాఫీ బాగుంటుందని ఇంటికొచ్చి అమ్మ ముందర చెప్పి చీవాట్లు తిన్నాడు కూడా. నాన్న పుండు బొటనవేలి గోరంత అయింది. డాక్టరు చూసి, "ఏం చేశారు?" అని అడిగాడు. "పడుకున్నాను," అన్నాడు నాన్న.

పదమూడూ అయ్యాయి. కౌన్సిలు కూచుందని తెలిసింది గానీ ఏం తేల్చిందో తెలియలేదు. మేం మాత్రం ఎవరూ చెప్పకపోయినా సెలవు పాటిస్తూనే ఉన్నాం. మొదటి వానలు పడ్డాయి. పదిహేనో బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటకి బట్టల కొట్టాయన తడుస్తూ వచ్చాడు. రాజధాని నుంచి ఆయన బావమరిది ఫోను చేశాడట. రాష్ట్రమంతా. వచ్చే నెల నుంచి, అన్ని ఊళ్ళూ, ప్రతి బుధవారం, పెట్టెతో సహా.

నేను గదిలోకి పరిగెత్తబోయాను. అమ్మ గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడే నిద్రపట్టింది," అంది.

"అమ్మా, ఇది వినడానికేగా ఆయన రెండేళ్ళు..."

"ఇది వినడానికి కాదే. దీనికి." గదిలోకి చూపించింది. నాన్న వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. కాలు దిండ్ల మీద ఉంది. కట్టు లేదు. గాలి తగలనివ్వమని డాక్టరు ఆ వారమే కట్టు తీసేశాడు. పట్టపగలు మా నాన్న నోరు తెరుచుకుని గురక పెట్టడం నా ఇరవై రెండేళ్ళలో నేనెరగను. గుండెల మీంచి బండ దించినట్టయింది. అక్కడే గుమ్మానికి ఆనుకుని ఏడ్చేశాను. అమ్మ నన్ను కసురుకుంది, ఏడుపు వినపడుతుందని.

రెండయ్యేసరికి ముందు గది నిండిపోయింది. బేకరీ ఆయన, పుస్తకాల కొట్టాయన, కుట్టుమిషను అత్తయ్య. ఎదురుకొట్టాయన చెప్పులు బయటే విడిచి, కొత్త కట్లతో, పిల్లిలా లోపలికి వచ్చాడు. ఇంతమంది వర్తకులు ఒకచోట చేరి గొంతు పెంచకుండా ఉండడం ఎక్కడా జరగలేదు. అందరూ గుసగుసలే. ఎవరన్నా కాస్త గట్టిగా నవ్వితే తాతయ్య కళ్ళెర్రజేసేవాడు.

నాలుగున్నరకి మంచం కిర్రుమంది. గది గదంతా ఊపిరి బిగబట్టింది.

"ఎవరో వచ్చినట్టున్నారే," అంది నాన్న గొంతు, నిద్రమత్తులో.

అమ్మ తలుపు కాస్త దగ్గరికి వేసి, మా అందరి వైపూ ఒకసారి చూసింది.

"ఎవరూ రాలేదు. పడుకోండి," అంది.

నాన్న అటు తిరిగి పడుకున్నాడు.